కొత్త దారికి పాత పరీక్ష

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అను సామెతలో మన పెద్దలు కొంత ఎత్తిపొడుపు దాచియుంచిరి. కొత్తదానిని చూచి మురియు వేళ, పాతది ఇంతకాలము చేసిపెట్టిన పనిని మరచుట మానవ స్వభావము. ఆ మరపువలన కలుగు నష్టము ఒక్కొక్కప్పుడు వెంటనే కంటబడదు. పని నిలిచిపోయినచో అందరును చూతురు. పని నెమ్మదించినచో చాలకాలము ఎవరును చూడరు. ఇట్టి కంటబడని నష్టమును కనిపెట్టుటకై కంప్యూటరు శాస్త్రజ్ఞులు గడచిన ఏబది సంవత్సరములలో పన్నిన ఉపాయముల చరిత్రను ఈ ప్రసంగములో ముచ్చటింపదలచితిమి.

విషయము యంత్రములకు సంబంధించినదే. అయినను మాకు అది తొలుత బోధపడినది మా కేంద్రములోని రికార్డుల గదిలో. దశాబ్దముల తరబడి చేరిన డిస్కులు, టేపులు అచ్చట అరలనిండ కలవు. కార్యక్రమము తయారుచేయువారు ఒక చీటీమీద తమకు కావలసినది వ్రాసి పంపుదురు: “ఫలానా విద్వాంసుడు పాడిన కల్యాణిరాగ కీర్తనలు, పదిహేను నిమిషములకు మించనివి.” ఆ చీటీలో కావలసినదేమో ఉండునే కాని, దానిని ఎట్లు వెదకవలెనో ఉండదు. గదిలో పనిచేయు ఉద్యోగి గాయకుల పేర్ల కార్డుల పెట్టెను తీయవచ్చును. రాగముల కార్డుల పెట్టెను తీయవచ్చును. కార్డులు మాని అరలవెంబడి నడచి చూడవచ్చును. మూడు దారులలోను దొరకు జవాబు ఒక్కటే. పట్టు కాలము మాత్రము వేరు. ఏ దారి దగ్గరదో ఎరిగియుండుటే ఆ ఉద్యోగి నేర్పు.

కొన్నియేండ్ల క్రిందట ఆ అరలను కొత్త పద్ధతిలో సర్దితిమి. అంతవరకు ప్రక్రియనుబట్టి ఉన్న రికార్డులను కళాకారుల పేర్లనుబట్టి అమర్చితిమి. వచ్చు చీటీలలో అధికభాగము కళాకారుల పేర్లతోనే వచ్చును గనుక పని వేగవంతమయ్యెను, అందరమును సంతోషించితిమి. కొన్ని నెలల తరువాత ఒక పర్వదినమునాడు, రామకథకు సంబంధించిన హరికథలన్నియు కావలెనని ఒక చీటీ వచ్చెను. పూర్వము హరికథలన్నియు ఒకే అరలో ఉండెడివి. ఇప్పుడు అవి హరిదాసుల పేర్లవెంట గది నలుమూలలకు చెదరియుండెను. ఉద్యోగి అన్నిటిని తప్పులేకుండ ఏరి తెచ్చెను. కాని తెచ్చునప్పటికి ప్రసార సమయము దాటిపోయెను. ఆ పూట శ్రోతలు విన్నది వీణావాదనము.

జవాబు సరియైనదే, కాని వేళకు రాలేదు. మేము చేసిన మార్పు మంచిదే. కాని అది ఒక్క చీటీకి కీడు చేసినది. మార్పు చేసిన దినముననే పాత చీటీలను తీసి ఒక్కమారు వెదకి చూచియుండినచో ఈ సంగతి ఆనాడే తెలిసియుండును. కంప్యూటరు శాస్త్రములో ఇట్టి పనికే రిగ్రెషన్ టెస్టింగు అని పేరు. తెలుగులో దీనిని తిరోగమన పరీక్ష అనవచ్చును. ముందడుగు వేసితిమనుకొన్న చోట ఎక్కడనైనను వెనుకడుగు పడినదేమో అని చూచు పరీక్ష ఇది.

ఇక యంత్రముల సంగతికి వత్తము. బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి రోగుల వివరములు, విద్యుచ్ఛక్తి బిల్లులు మొదలైనవి నేడు పట్టికల రూపమున కంప్యూటరులో దాచబడుచున్నవి. ఇట్టి సమాచార నిధికి డేటాబేసు అని పేరు. దానిని మనము ప్రశ్నలడుగుదుము. ప్రశ్నకు జవాబు తెచ్చుటకు గల పెక్కు దారులలో తక్కువ శ్రమతో కూడినదానిని ఎన్నుకొను భాగమును క్వెరీ ఆప్టిమైజరు అందురు. మా రికార్డుల గదిలోని ఉద్యోగి నేర్పు వంటిదే యంత్రములో ఆప్టిమైజరు.

ఈ భాగము డేటాబేసులలో ఆదినుండి ఉన్నది కాదు. 1960 ప్రాంతమున సమాచారము గొలుసులవలె ముడివడి ఉండెడిది. ఏ ముడినుండి ఏ ముడికి పోవలెనో ప్రోగ్రాము వ్రాయువాడే నిర్ణయించి, అడుగడుగును వ్రాయవలసియుండెను. ఆ రంగమున అగ్రగణ్యుడైన ఛార్లెస్ బాక్‌మన్ 1973లో ట్యూరింగ్ బహుమానమును అందుకొనుచు, ప్రోగ్రాము వ్రాయువానిని ఓడ నడుపు నావికునితో పోల్చెను. ఆ పోలిక ఎంతయు తగినది. నావికుడు దారి తప్పినచో బాధ్యత నావికునిదే. దారి బాగున్నచో ఖ్యాతియు అతనిదే.

అప్పటికే మరియొక ఆలోచన పుట్టియుండెను. ఇంగ్లండులో జన్మించి, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థవారి శాన్‌హోసె పరిశోధనాలయములో పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ 1970 జూన్ మాసమున ఒక వ్యాసమును ప్రకటించెను. సమాచారమును సామాన్యమైన పట్టికలుగా భావించి, ప్రశ్నించువాడు తనకేమి కావలెనో చెప్పిన చాలుననియు, దానిని సాధించు విధము యంత్రమునకు వదలవచ్చుననియు ఆ వ్యాసముయొక్క సారము. ఈ కృషికి కాడ్ 1981లో ట్యూరింగ్ బహుమానమును పొందెను. నావికుని చేతిలోని చుక్కాని ఆ విధముగా యంత్రము చేతికి వచ్చినది.

మాట చెప్పుట సులభమే. యంత్రము నిజముగా మంచి దారిని ఎన్నుకొనగలదా అని ఆనాడు చాలమంది సందేహించిరి. ఆ సందేహమును తీర్చుటకై శాన్‌హోసెలోనే 1974లో సిస్టమ్ ఆర్ అను ప్రయోగాత్మక నిర్మాణము ఆరంభమయ్యెను. డోనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు ప్రశ్నలడుగుటకు ఒక భాషను కల్పించిరి. నేడు లోకమంతట ఎస్.క్యు.ఎల్. అను పేరుతో వ్యాపించినది అదియే. దారి వెదకు పద్ధతిని పెట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు నిర్మించి, 1979లో బోస్టన్ నగరమున జరిగిన విద్వత్సభలో ప్రకటించిరి. ఇప్పటి ఆప్టిమైజరులలో పెక్కింటికి ఆ వ్యాసమే మూలపురుషుని వంటిది.

సమస్య ఎంత పెద్దదో ఒక లెక్కవలన తెలియును. మూడు పట్టికలను ఒకదాని తరువాత ఒకటిగా జోడింపవలసినచో 6 వరుసలు కలవు. పది పట్టికలైనచో 36,28,800 వరుసలు. అన్నిటిని తరచి చూచుచు కూర్చున్నచో, జవాబు తెచ్చుటకంటె దారి వెదకుటకే ఎక్కువ కాలము పట్టును. సెలింజర్ బృందమువారు చిన్న సమూహములతో ప్రారంభించి, ప్రతి సమూహమునకు చౌకయైన దారిని గుర్తుంచుకొని, దానిపై పెద్ద సమూహములను నిర్మించుచు పోయిరి. పది పట్టికలనుండి ఏర్పడు సమూహములు 1,023 మాత్రమే. లక్షల లెక్క వేలకు దిగినది.

ఏ దారి చౌకయో తెలిసికొనుట ఎట్లు? డిస్కునుండి ఎన్ని పుటలు చదువవలెను, ఎన్ని వరుసలను పరిశీలింపవలెను అని యంత్రము ముందుగా అంచనా కట్టును. ఆ అంచనాకు పట్టికల గణాంకములు ఆధారము. గణాంకములు లేనిచోట సిస్టమ్ ఆర్ నిర్మాతలు కొన్ని ఉజ్జాయింపులు పెట్టుకొనిరి: ఒక గడిలోని విలువ ఫలానాదానితో సమానమై ఉండవలెనన్నచో పదింట ఒక వంతు వరుసలు సరిపోవుననియు, ఫలానాదానికంటె ఎక్కువ కావలెనన్నచో మూడింట ఒక వంతు సరిపోవుననియు. మన రైతు గింజ రాలకముందే పొలము గట్టున నిలిచి దిగుబడి చెప్పినట్లుండు పని ఇది. అనుభవశాలి చెప్పినది తరచుగా నిజమగును. ఎల్లప్పుడును కాదు.

ఒక ఉదాహరణమును ఊహింతము. లక్షమంది వివరములు గల పట్టిక ఒకటి ఉన్నదనుకొందము. వారిలో పదింట ఒక వంతు విజయవాడ నివాసులు; పదింట ఒక వంతు తెలుగు మాటలాడువారు. విజయవాడలో నివసించుచు తెలుగు మాటలాడువారు ఎందరు? రెండు విషయములకు సంబంధము లేదని భావించినచో పదింట ఒక వంతులో మరల పదింట ఒక వంతు, అనగా 1,000 మంది. కాని విజయవాడ నివాసులు దాదాపు అందరును తెలుగు వారే గనుక అసలు సంఖ్య 10,000కు దగ్గరగా ఉండును. వేయిమందికి ఒక్కొక్కరి చొప్పున మరియొక పట్టికలో వెదకుట చౌకయని యంత్రము నిర్ణయించును. పనిలో దిగినపిమ్మట పదివేలమారులు వెదకవలసివచ్చును.

ఈ పొరపాటు ఒక్క అడుగుతో ఆగదు. 1991లో యానిస్ ఇయోనిడిస్, స్టావ్రోస్ క్రిస్టోడౌలాకిస్ అను శాస్త్రజ్ఞులు, జోడింపుల సంఖ్య పెరిగిన కొలది అంచనాలోని తప్పు ఘాతక్రమమున పెరుగునని గణితముచేత నిరూపించిరి. ఒక్కొక్క అడుగున తప్పు రెండు రెట్లు మాత్రమే అయినను, ఐదడుగులు కలిసినచో 32 రెట్లగును. కనుక ఆప్టిమైజరును సంస్కరించువాడు ఒక చిక్కులో పడును. ఒకచోట అంచనాను సరిదిద్దినపుడు, అదివరకు రెండు తప్పులు ఒకదానినొకటి కొట్టివేసికొనుటచేత బాగున్న మరియొక ప్రశ్న చెడిపోవచ్చును. నిజమునకు దగ్గరగా జరిగినందున ఫలితము దూరమగుట! ఇతర ప్రోగ్రాములలో ఇట్టి వింత అరుదు. ఆప్టిమైజరులో ఇది నిత్యానుభవము.

మార్పు తెచ్చు కీడును గూర్చిన ఎరుక అంతకుముందే కలదు. ఐ.బి.ఎం.వారి సిస్టమ్ 360 యంత్రములకు ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణమును నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రకటించిన తన గ్రంథములో, ఒక లోపమును దిద్దునపుడు కొత్త లోపము ప్రవేశించుటకు నూటికి 20 మొదలు 50 పాళ్లు అవకాశమున్నదని వ్రాసెను. అందువలన ప్రతి దిద్దుబాటు తరువాతను మునుపటి పరీక్షలన్నిటిని తిరిగి నడుపవలెనని ఆయన సలహా. అట్లు చేయుటకు ఎంత ఖర్చగునో కూడ ఆయన ఎరుగును.

డేటాబేసులకు ఉమ్మడి కొలబద్దలు 1980 తరువాత వచ్చెను. 1983లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో దీనా బిట్టన్, డేవిడ్ డివిట్, కరోలిన్ టర్బీఫిల్ అనువారు కల్పిత పట్టికలను, వాటిపై అడుగవలసిన ప్రశ్నలను కూర్చి, వేరువేరు డేటాబేసుల వేగమును పోల్చి చూపిరి. వారి పట్టికలలో ఒకదానికి 10,000 వరుసలు. అటువంటి గడులతోనే కూడిన 10,000 వరుసల పట్టిక నేటికిని పోస్ట్‌గ్రెస్ డేటాబేసుయొక్క పరీక్షల మూటలో కనబడును. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి బర్క్లీ శాఖలో ఆరంభమై, పిమ్మట దేశదేశముల స్వచ్ఛంద నిపుణుల చేతులలో పెరిగిన డేటాబేసు అది.

పోస్ట్‌గ్రెస్ పరీక్షా పద్ధతి చూచుటకు చాల సరళమైనది. ప్రశ్నలు ఒక దస్త్రములో ఉండును. రావలసిన జవాబులు మరియొక దస్త్రములో ఉండును. మార్పు చేసిన ప్రతిమారు ప్రశ్నలనడిగి, వచ్చిన జవాబులను పాత దస్త్రముతో అక్షరమక్షరము పోల్చుదురు. తేడా వచ్చినచో గంట మ్రోగును.

కాని ఆప్టిమైజరు విషయములో ఏమి పోల్చవలెననుటయే పెద్ద ప్రశ్న. పోల్చదగినవి మూడు కలవు: జవాబు, దారి, కాలము. మూడింటిలోను వేరువేరు గుంతలున్నవి.

మొదట జవాబు సంగతి. దారి మారినపుడు జవాబులోని వరుసల క్రమము మారవచ్చును. ఫలానా క్రమములో ఇమ్మని ప్రశ్నలో కోరనంతవరకు అది తప్పు కాదు. కాని అక్షరమక్షరము పోల్చు పరీక్ష దానిని తప్పని కేకవేయును. ఇట్టి ఉత్తుత్తి గంటలు నాలుగైదు మ్రోగినపిమ్మట, నిజమైన గంటను ఎవరును లక్ష్యపెట్టరు. “నాన్నా పులి” కథ మన పిల్లలకు తెలిసినదే.

తరువాత దారి. యంత్రము ఎన్నుకొన్న దారిని చూపుమని అడుగవచ్చును. దానిని పాత దారితో పోల్చినచో, మార్పు వెంటనే తెలియును. అయితే ఆ చూపులో ఖర్చుల అంచనాలు కూడ ఉండును. అవి స్వల్పముగా మారుచుండును. అందువలన 2010లో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 9.0లో, ఖర్చుల అంకెలను దాచి దారియొక్క ఆకారమును మాత్రమే చూపు వీలును కల్పించిరి. అప్పటినుండి దారిని పరీక్షించుట సుకరమయ్యెను. కాని ఇంకొక చిక్కు మిగిలినది. మారిన ప్రతి దారియు చెడ్డది కాదు. మేలైన దారికి మారుటకే కదా సంస్కరణము చేసినది! పరీక్ష “మారినది” అని మాత్రమే చెప్పగలదు. “చెడినది” అని చెప్పజాలదు. ఆ తీర్పు మనుష్యుడు చెప్పవలసినదే. పొద్దుపోయిన వేళ, వందల తేడాలు ఎదుట నున్నపుడు, చదువకయే కొత్త దారులన్నిటిని సరియని పాత దస్త్రములో ఎక్కించు ప్రలోభము కలుగును. అట్లు ఎక్కించిన క్షణమున పరీక్ష తన జ్ఞాపకశక్తిని పోగొట్టుకొనును.

ఇక కాలము. వినియోగించువానికి అక్కర అయినది ఇదియే. కొలుచుటకు కష్టమైనదియు ఇదియే. అదే ప్రశ్న, అదే దారి, అదే యంత్రము. ఐనను మొదటిమారు కంటె రెండవమారు వేగముగా సాగును. చదివిన పుటలు యంత్రముయొక్క జ్ఞాపకములో అప్పటికే చేరియుండుట కారణము. అందుచే పరీక్షించువారు ఒకే ప్రశ్నను పలుమారులు నడిపి, చదివిన పుటల సంఖ్యను కూడ లెక్కించి, తేడా ఒక మేర దాటిననే లెక్కలోనికి తీసికొందురు. ఆ మేర చాల చిన్నదైనచో ఉత్తుత్తి గంటలు. పెద్దదైనచో నిజమైన కీడు జారిపోవును.

నెమ్మదించుటకంటె ఘోరమైనది తప్పు జవాబు వచ్చుట. ఆప్టిమైజరు ప్రశ్నను సమానార్థకముగల మరియొక రూపములోనికి మార్చి పనిచేయించును. ఆ మార్పిడిలో పొరపాటున్నచో, జవాబు వేగముగా వచ్చును. కాని తప్పుగా వచ్చును. మనుష్యులు ఊహించి వ్రాసిన పరీక్షలకు ఇట్టివి సులభముగా దొరకవు. 1998లో మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయమునకు చెందిన డాన్ స్లట్జ్ ఒక కొత్త ఉపాయమును ప్రకటించెను. యంత్రమే చిత్రవిచిత్రమైన ప్రశ్నలను లెక్కకు మిక్కిలిగా కల్పించును. వాటిని వేరువేరు సంస్థల డేటాబేసులకు పంపి, జవాబులను పోల్చి చూచును. ఒకే ప్రశ్నకు ఇరువురు సాక్షులు వేరుమాట చెప్పినచో, ఒకరైనను పొరబడినట్లే గదా.

2020లో జూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన మాన్యుయెల్ రిగ్గర్, జెండాంగ్ సూ అనువారు దీనిని ఇంకను ముందునకు తీసికొనిపోయిరి. వారికి రెండవ సాక్షి అక్కరలేదు. ఒక ప్రశ్నను మామూలుగా అడుగుదురు. తరువాత దానినే, ఆప్టిమైజరుకు అడ్డదారి దొరకని విధముగా, ప్రతి వరుసను ఒక్కొక్కటిగా పరిశీలింపవలసిన రూపములో అడుగుదురు. దగ్గరి దారిని వచ్చిన లెక్కయు, చుట్టుదారిని వచ్చిన లెక్కయు ఒక్కటి కావలెను. కానిచో తప్పు ఆప్టిమైజరులో ఉన్నట్లు అనుమానింపవచ్చును. లోకమంతట వాడుకలో నున్న నాలుగు డేటాబేసులలో ఈ పరిశోధనవలన 150కి పైగా లోపములు బయటపడెను. నెమ్మదియైన దారిని పారవేయక ఉంచుకొనుటవలన కలిగిన లాభమిది.

ఈ చరిత్రలో మన దేశమునకును చోటున్నది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య జయంత్ హరిత్స, ఆయన శిష్యుడు నవీన్ రెడ్డి 2005లో ఆప్టిమైజరుల నడవడిని చిత్రపటములుగా గీసి చూపిరి. ప్రశ్నలోని రెండు షరతులకు ఎంత పాలు వరుసలు సరిపోవునో దానిని అడ్డముగాను నిలువుగాను మార్చుచు, ఏ చోట ఏ దారిని యంత్రము ఎన్నుకొనునో దానికొక రంగు వేసిరి. నిదానముగా రెండు మూడు రంగులుండునని అనుకొన్న చోట, ముక్కముక్కలుగా చీలిన రంగుల పటము తేలినది. ఘనాకార చిత్రలేఖనమును పోలియున్నదని ఆ ఉపకరణమునకు పికాసో అని పేరు పెట్టిరి. రంగుల సరిహద్దులు అంత దట్టముగా నున్నచోట గణాంకములు ఇసుమంత మారినను దారి మారిపోవును. చేయి తగిలినంతనే ఒరిగిపోవు త్రాసు వంటిది ఆ స్థితి. 2007లో ఆ బృందమే మరియొక సంగతిని వెల్లడించినది. ఖర్చు నూటికి 20 పాళ్లకు మించి పెరగరాదను కట్టుబాటుతో, ఆ దారులలో అధికభాగమును తీసివేసి, సుమారు పదింటితో సరిపెట్టుకొనవచ్చునని వారు చూపిరి. అతి సూక్ష్మమైన తెలివికంటె కొంత నిలకడ మేలనుట ఇందలి నీతి.

నిలకడను గూర్చిన ఆరాటము వినియోగించువారిలో మొదటినుండియు కలదు. ఒక సంస్థలో రాత్రి రెండు గంటలలో ముగియు లెక్క, డేటాబేసుయొక్క కొత్త సంచికను పెట్టిన మరునాడు తెల్లవారినను ముగియదు. కొట్టు తెరచువేళకు పద్దులు సిద్ధముగా నుండవు. మిగిలిన వేయి ప్రశ్నలు వేగముగా సాగుచున్నవని ఆ సంస్థకు చెప్పినను ఏమి ఓదార్పు? కొత్తది పెట్టినచో భయము. పెట్టనిచో పాత లోపములతోనే బ్రదుకు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఒరకిల్ సంస్థవారి డేటాబేసు మొదట కట్టుబడియైన నియమములను అనుసరించి దారిని ఎన్నుకొనుచుండెను. 1992లో వచ్చిన ఏడవ సంచికలో ఖర్చును అంచనా కట్టు ఆప్టిమైజరు ప్రవేశించినది. నియమములకు అలవాటుపడినవారికి అంచనాల చపలత్వము రుచింపలేదు. 1999లో ఆ సంస్థవారు, బాగున్న దారిని భద్రపరచి ఎల్లప్పుడు దానినే నడుచునట్లు చేయు ఏర్పాటును కల్పించిరి. అది భయమును పోగొట్టినది. కాని మేలైన దారి వచ్చినపుడును పాతదానినే పట్టుకొని వ్రేలాడు దోషము దానిలో కలదు. 2007లో వారు మధ్యేమార్గమును త్రొక్కిరి. కొత్త దారి దొరికినపుడు దానిని వెంటనే నడువక ప్రక్కన వ్రాసి ఉంచి, పాతదానికంటె తీసిపోదని రుజువైన పిమ్మటనే అంగీకరించు పద్ధతి అది. మైక్రోసాఫ్ట్ సంస్థవారు 2016 నాటి తమ డేటాబేసులో ప్రతి ప్రశ్నకును ఏనాడు ఏ దారి త్రొక్కితిమి, ఎంత కాలము పట్టినది అని వ్రాసిపెట్టు దినచర్యను చేర్చిరి. మరుసటి సంవత్సరము, కొత్త దారివలన పని నెమ్మదించినదని తేలినచో యంత్రమే పాతదానికి మరలు ఏర్పాటును జతపరచిరి.

ఈ ఏర్పాటులలో ఒక విశేషము గమనింపదగినది. నిర్మాతల పరీక్షాలయములో జరుగవలసిన పరీక్ష క్రమముగా వినియోగించువాని ఇంటికే వచ్చినది. దానికి కారణము లేకపోలేదు. 2015లో మ్యూనిక్ నగరమునందలి విక్టర్ లైస్, ఆయన సహచరులు కల్పిత పట్టికలను విడిచి, చలనచిత్రములకు సంబంధించిన నిజమైన సమాచారముపై 113 ప్రశ్నలను వ్రాసి పెక్కు ఆప్టిమైజరులను పరీక్షించిరి. అంచనాలు తరచుగా మిక్కిలి తప్పుచున్నవని, జోడింపులు పెరిగిన కొలది అసలుకంటె తక్కువగా తేలుచున్నవని కనుగొనిరి. కల్పిత పట్టికలలో అంకెలు సమముగా పరచియుండును. నిజ జీవితములో అట్లుండదు. ఒక నటుడు రెండు చిత్రములలో నటించును; మరియొకడు వందలలో నటించును. పరీక్షాలయము ఎంత పెద్దదైనను ప్రతి ఇంటి పట్టికను అది ఎరుగజాలదు.

ఈ ఏబది సంవత్సరముల చరిత్రనుండి మాకు తోచినది చెప్పి ముగింతుము. ఒక సంస్కరణవలన సగటున మేలు కలిగినదని చెప్పుట సులభము. సగటు అనునది ఎవరి ఇంటను కాపురముండదు. వేయి ప్రశ్నలకు మేలై ఒకదానికి కీడైన మార్పు, ఆ ఒక్క ప్రశ్నపై ఆధారపడినవానికి పూర్తిగా కీడే. ఆ ఒక్కని తరఫున మాటలాడుటకు సభలో ఎవరును ఉండరు. పాత ప్రశ్నల దస్త్రమే అతని వకీలు. అట్లని మార్పును ఆపుట ఆ దస్త్రముయొక్క ధర్మము కాదు. “ఇచ్చట కీడు కలుగుచున్నది, ఎరిగి చేయుడు” అని చెప్పుటయే దాని ధర్మము. ఎరిగి చేసిన నష్టమును సరిదిద్దవచ్చును, పరిహారము చెల్లింపవచ్చును, లేదా వలదని మానుకొనవచ్చును. ఎరుగక చేసినదానికి ఈ మూడింటిలో ఏదియు సాధ్యము కాదు.

మా రికార్డుల గదిలో ఇప్పుడొక నోటుపుస్తకము కలదు. ఆలస్యమైన చీటీలన్నిటిని తేదీలతో దానిలో అతికించుచున్నాము. అరలను సర్దదలచిన ప్రతిమారు, ముందుగా ఆ చీటీలను ఒక్కొక్కటిగా వెదకి చూచి, పట్టిన కాలమును ప్రక్కన వ్రాయుదుము. కొన్ని సందర్భములలో సర్దుబాటును మానుకొంటిమి; కొన్ని సందర్భములలో ఒక కొత్త కార్డుల పెట్టెను తయారుచేసి సర్దితిమి. హరికథలకు నేడు ప్రత్యేకముగా ఒక పెట్టె ఉన్నది. ఆ పుస్తకములో మొదటి పుటలోని చీటీ ఆ హరికథలదే.